లావు గొట్టంలో చీకటి

జక్రయ్యకు కళ్ళు పోయాయని తేల్చింది డాక్టరు కాదు. పైపులు, మోటార్లు అమ్ముకునే గురునాథం. అదీ ఊరందరి ముందు, ఒక క్యాలెండరు పట్టుకుని.

1983 డిసెంబరులో ఒక ఉదయం. మా రావిమడుగు కరణం రామచంద్రమూర్తి గారి వాకిలి నిండా జనం. కరణంగారు అరుగు మీద పడక్కుర్చీలో కూర్చున్నారు. ఆయన కొడుకు గురునాథం గోడకున్న పురుగుమందుల క్యాలెండరు తీసి రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. వాకిలి చివర, చెప్పులు విడిచి జక్రయ్య నిలబడ్డాడు.

"ఏరా, ఇదేం అంకె?" అన్నాడు గురునాథం వేలు పెట్టి.

జక్రయ్య పైపంచెతో కళ్ళు తుడుచుకున్నాడు.

"పోనీ ఇది? ఎర్రరంగులో ఉందిరా. ఆదివారం. మీ చర్చి రోజు. అదన్నా కనపడదా?"

జనంలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. కోటేశ్వరమ్మ నవ్వలేదు. ఆమె అరుగు మెట్టు మీద తల పట్టుకుని కూర్చుని ఉంది. ముందురోజు సాయంత్రం జక్రయ్య పేల్చిన తూటాకు ఆమె పాడిగేదె మిరపచేలో పడి చచ్చిపోయింది. అడవిపంది అనుకుని కాల్చాడు. అప్పటినుంచి అతను మెతుకు ముట్టలేదు, కన్ను మూయలేదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నీళ్ళు నిండిన ఆ కళ్ళకు క్యాలెండరు చూపించి చదవమన్నారు.

"చూశారుగా," అన్నాడు గురునాథం జనం వైపు తిరిగి. "కళ్ళు చూపించుకోరా అని వీడికి నేను ముందే చెప్పాను. ఇందులో తుపాకి తప్పేం లేదు, మా తప్పేం లేదు. ఆ మాటకొస్తే వాడి తప్పూ లేదు. వయసు."

అప్పుడు జక్రయ్య నోరు విప్పాడు.

"అవునండి చినబాబుగారూ. కనపడటం లేదండి."

నేను ఆ జనంలోనే ఉన్నాను. ఆ మాట చెవులారా విన్నాను. ఆ రోజునుంచి చనిపోయేదాకా అతను మా ఊరికి గుడ్డి జక్రయ్య. అప్పటికి అతనికి నిండా యాభై ఏళ్ళు లేవు.

ఆ కళ్ళు అంతకుముందు ఎలాంటివో తెలిసినవాళ్ళు ఊరవతల మా పల్లెలో ఇంకా ఉన్నారు. కానీ ఎవరూ మాట్లాడరు. అందుకే రాస్తున్నాను.

వరసకు జక్రయ్య నాకు పెదనాన్న. మిషన్ బడిలో అయిదో తరగతి చదివి, వయసు రాగానే మిలిటరీలో చేరి, తండ్రి మంచాన పడితే వదిలేసి వచ్చాడు. మా పల్లె చర్చికి కరెంటు రాకముందు కిరసనాయిలు దీపం దగ్గర బైబిలు చదివేది అతనే. పాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండగానే ఇతను అధ్యాయం సగం చదివేసేవాడు. కొండ వాలులో మేస్తున్న మేకను చూసి అది ఎవరి మందలోదో చెప్పేవాడు. "నీ కళ్ళల్లో ఏం పోసి కన్నదయ్యా మీ అమ్మ!" అనేది జక్రయ్య భార్య ఎలీసమ్మ, పొలం గట్టు మీద అతను చూపించిన వైపు చూసి ఏమీ కనపడక.

మా ఊరు నరసరావుపేటకూ అద్దంకికీ మధ్య. ఒకవైపంతా నల్లరేగడి. పత్తి, మిరప. రెండోవైపు కొండ. ఆ కొండమీదినుంచి పొద్దుగూకే వేళకు పందులు దిగుతాయి. పందులు మిరపకాయ తినవు. కానీ నీళ్ళు పెట్టిన చేలో తడిమట్టి కింద పురుగులుంటాయి. వాటికోసం మోరతో చాళ్ళు చాళ్ళే తిరగేస్తాయి. పొద్దున చూస్తే చెట్లన్నీ వేళ్ళు పైకి పెట్టుకుని పడి ఉంటాయి. మిరప రైతుకు అంతకంటే శోకం లేదు.

పంటల కాపలాకని కరణంగారికి ఒక 315 రైఫిలుకు లైసెన్సు ఉండేది. కానీ ఆయన చీమను కూడా చంపరు. నిష్ఠగల మనిషి. దీనికి చట్టంలోనే ఒక సులువు ఉంది. తుపాకి ఒకరిది, కాల్చేది ఇంకొకరు. ఆ రెండోవాణ్ణి రిటైనరు అంటారు. అతని పేరు లైసెన్సు మీద రాసి, కలెక్టరాఫీసు ముద్ర వేస్తారు. అలా జక్రయ్య పేరు ఆ లైసెన్సుకెక్కింది. తుపాకి ఉందన్న పరువు కరణంగారికి, చంపిన పాపం జక్రయ్యకు. మాంసం పల్లెకు. ముగ్గురికీ సరిపోయిందని అందరూ అనుకునేవాళ్ళు.

తుపాకి చేతులు మారే పద్ధతి కూడా చెప్పాలి. సాయంత్రం జక్రయ్య దొడ్డివాకిలి దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. కరణంగారు తుపాకి తెచ్చి బట్టలుతికే బండ మీద పెట్టి, పక్కన తూటాలు పెట్టి, వెనక్కి జరిగేవారు. అప్పుడు ఇతను వెళ్ళి తీసుకునేవాడు. పొద్దున మళ్ళీ బండ మీదే పెట్టి వచ్చేవాడు. ఇతను వీధి మలుపు తిరిగాక ఆ ఇంటివాళ్ళు బండ మీద నీళ్ళు చల్లేవాళ్ళు. పదేళ్ళకు పైగా ఒకే తుపాకిని ఇద్దరు మనుషులు పట్టుకున్నారు. ఒకరి చెయ్యి ఒకరికి తగల్లేదు.

నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. జక్రయ్యకు మండేది కాదు. "సర్కారు కాయితం మీద నా పేరుందిరా," అనేవాడు. "జిల్లా మొత్తంలో మనోడి పేరు తుపాకి లైసెన్సు మీద ఎన్నిచోట్ల ఉంటదో చెప్పు." అతనికున్నది అదొక్కటే. పొలం లేదు. గురి ఉంది, ఆ గురికి సాక్ష్యంగా ఆ పేరు ఉంది.

గురునాథం నరసరావుపేటలో పైపుల షాపు పెట్టిన కాలం అది. పత్తికీ మిరపకూ బోర్లు వేయించుకోవడం జ్వరంలా పట్టుకుంది మా వైపు. షాపు బాగా నడిచింది. చేతిలో డబ్బు ఆడేసరికి తండ్రి తుపాకి మీద మోజు కలిగింది. మద్రాసు వెళ్ళినప్పుడు ఒక దుర్బిణీ తెచ్చాడు. సన్నపాటి నల్ల గొట్టం, ముందువైపు గంటలా విచ్చుకుని ఉండేది. ఆ విచ్చుకున్న చోట గాజు టీగ్లాసు అడుగంత. దాన్ని తుపాకి మీద బిగించాక జక్రయ్య మొదటిసారి చూసి పసిపిల్లాడిలా నవ్వాడట.

"పొద్దు పోయినాక కూడా దీంట్లో ఇంకో పావుగంట పొద్దు మిగిలే ఉంటందండి," అన్నాడు.

రెండు పంటకాలాలు ఆ దుర్బిణీతో అతని తూటా ఒక్కటి కూడా వృథా కాలేదు. ఊళ్ళో ఎవరి చేలోనూ చాళ్ళు తిరగబడలేదు.

ఉన్నదానితో ఊరుకునే మనిషి కాదు గురునాథం. మరుసటి ఏడు మద్రాసులో ఆ సన్నగొట్టాన్ని ఇచ్చేసి ఇంకొకటి తెచ్చాడు. ఇది లావు గొట్టం. పట్టుకుంటే పాతదానికీ దీనికీ తేడా చేతికే తెలిసేది. విదేశీ సరుకు. తుపాకికి బిగించే పాత పట్టీలు దీనికి పట్టవు కనక కొత్తవి వేయించాడు. తుపాకి బరువు కూడా పెరిగింది. ముందువైపు విచ్చుకోవడం లాంటిదేం లేదు. అటూ ఇటూ ఒకే లావు, రోకలిలా. ముందు గాజు చూస్తే అర్ధరూపాయి బిళ్ళంత.

దాన్ని జనానికి చూపిస్తూ అరుగు దగ్గర అతను చెప్పిన పాఠం నాకు అక్షరం మరవకుండా గుర్తుంది.

"ఒరేయ్ జక్రయ్యా, మూడంగుళాల పైపులో నీళ్ళెక్కువ వస్తాయా, నాలుగంగుళాల పైపులోనా?"

"నాలుగంగుళాల్లోనండి."

"వెలుతురూ అంతేరా. గొట్టం ఎంత లావైతే కంట్లోకి అంత వెలుతురు. ఇంక నువ్వు అమావాస్యనాడు కూడా కొట్టొచ్చు."

కాదనేవాడెవడు? మా ఊళ్ళో ప్రతివాడూ పైపుల మీద బతికేవాడే. లావు పైపులోంచి నీళ్ళు దబదబా పడటం ప్రతివాడూ కళ్ళతో చూశాడు. రైతులు తలలూపారు. నేనూ ఊపాను.

వారం తిరక్కుండానే జక్రయ్య దొడ్డివాకిలి దగ్గర గురునాథంతో మెల్లిగా అన్నాడు. నేను పాలకని వెళ్ళి అక్కడే ఉన్నాను.

"చినబాబుగారూ, పాతదే నయంగా ఉన్నట్టుందండి. పొద్దుగూకేసరికి ఇందులో మసకమసగ్గా ఉంటందండి. చుట్టూ నల్లగా ఏదో కమ్ముకొస్తందండి."

గురునాథం పెద్దగా నవ్వాడు. "గొట్టం లావైతే మసకేంట్రా? అది ఎక్కడి సరుకో తెలుసా నీకు? మసక గొట్టంలో లేదు, నీ కళ్ళల్లో ఉంది. గుంటూరు పోయి చూపించుకో."

జక్రయ్య తల గోక్కుని నవ్వేశాడు. "అంతేనేమోనండి."

ఆ "అంతేనేమో" దగ్గరే అంతా మొదలైంది. కొండమీది మేకను గుర్తుపట్టే మనిషి తన కంటిని అనుమానించడం మొదలుపెట్టాడు. ఇంటికొచ్చి దీపానికి అటూ ఇటూ తల తిప్పి చూసుకునేవాడని ఎలీసమ్మ పెద్దమ్మ చెప్పింది. బైబిలు చదువుతూ ఒక చోట తడబడితే అదిగో అనుకునేవాడట.

కోటేశ్వరమ్మది రెండెకరాల చేను. భర్త పోయాక ఆమే చేసుకుంటోంది. గట్టి మనిషి, నోరు ఇంకా గట్టిది. ఆ సాయంత్రం ఆమె మిరపచేనుకు నీళ్ళు పెట్టారు. గేదె పలుపు తెంచుకుని, తడి వాసనకు చేలోకి వెళ్ళి, చల్లగా ఉందని చాలులో పడుకుంది. జక్రయ్య పందుల కోసం అవతలి గట్టున కూర్చుని ఉన్నాడు. పొద్దు పోయింది, వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. తుపాకి మోగింది. ఆ తర్వాత వినపడిన అరుపు పంది అరుపు కాదు.

దూడ ఇంకా పాలు మరవలేదు. నాలుగు రోజులకు అదీ పోయింది.

క్యాలెండరు పరీక్ష అయ్యాక కరణంగారు తమ కొట్టంలోంచి ఒక గేదె పడ్డను తోలించి కోటేశ్వరమ్మకు ఇచ్చారు. ధర్మాత్ముడని పేరొచ్చింది. లైసెన్సు మీద జక్రయ్య పేరు కొట్టేయించారు. మరుసటి నెలలోనే ప్రభుత్వం కరణీకాలే తీసేసింది. తుపాకి పరువు కూడా కాస్త తగ్గింది. అది వేరే సంగతి.

కోటేశ్వరమ్మ మొదటిరోజు జక్రయ్యను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. వంశం మొత్తాన్ని పేరుపేరునా పిలిచి తిట్టింది. కళ్ళు పోయాయని తేలాక మాత్రం నోరు మూసుకుంది. పల్లెకు వచ్చి, ఇంటి ముందు నిలబడి, "ఒరేయ్ జక్రయ్యా, గుడ్డోణ్ణి తిట్టి నేనేం కట్టుకుపోతాను? కళ్ళు లేకపోతే చేతులున్నయ్యిగా. మిరపకాయల కాలానికి మా కల్లంలోకి రా. కూర్చుని తొడిమలు తీద్దువుగాని," అంది.

తొడిమలు తీయడం మా వైపు ఆడవాళ్ళ పని. ఎండిన కాయను ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో తొడిమ విరిచి పారేయాలి. రోజంతా అంతే. సాయంత్రానికి వేళ్ళు నిప్పులు. మిలిటరీ తుపాకి పట్టినవాడు ఆడవాళ్ళ వరసలో చివర కూర్చుని తొడిమలు తీశాడు. వాళ్ళు మొదట్లో ఆటపట్టించారు. "బావా, పందొచ్చింది చూడు!" అనేవాళ్ళు. అతను తల ఎత్తేవాడు కాదు. కొన్నాళ్ళకు వాళ్ళే మానేశారు.

చర్చిలో వాక్యం చదవడం మానుకున్నాడు. కర్ర పట్టుకుని నడిచేవాడు. ఎదురుగా వచ్చినవాణ్ణి గొంతును బట్టి పలకరించేవాడు. మధ్యాహ్నం పూట కోటేశ్వరమ్మ స్వయంగా చెంబుతో మజ్జిగ తెచ్చి, అతని దోసిట్లో పోసి, "తాగు, తాగు, కారం కళ్ళల్లో పెట్టుకోకు, ఉన్నది కాస్తా పోద్ది," అనేది.

ఈ ఏళ్ళన్నీ నేను ఊళ్ళో లేను. ఇంటరులో ఫిజిక్సు తప్పి, గుంటూరులో ఒక జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళ దగ్గర పనికి కుదిరాను. తెల్లదోమ కొట్టిన ఏడు పత్తి లేక మిల్లు సగం రోజులు మూతపడి ఉండేది. ఆ ఖాళీ రోజుల్లో గ్రంథాలయంలో కూర్చున్నాను. అక్కడ నన్నెవరూ తప్పించేవాళ్ళు లేరు. తప్పిన సబ్జెక్టునే మళ్ళీ చదివాను, కసితో. కాంతి పాఠంలో దూరదర్శిని బొమ్మ దగ్గర ఆగిపోయాను.

పుస్తకంలో ఉన్నది చాలా చిన్న సంగతి. దూరదర్శినిలో వెలుతురును పట్టేది ముందున్న గాజు. ఆ గాజు ఎంత వెడల్పుగా ఉంటే అంత వెలుతురు లోపలికి వస్తుంది. మధ్యనున్న గొట్టం వెలుతురును పుట్టించదు, పెంచదు. ముందు గాజు పట్టినదాన్ని కంటిదాకా మోసుకొస్తుంది, అంతే.

టీగ్లాసు అడుగంత గాజు. అర్ధరూపాయి బిళ్ళంత గాజు. సన్న గొట్టం, లావు గొట్టం. నాకు ఆ బెంచీ మీద కూర్చోబుద్ధి కాలేదు. లేచి బయటికి వచ్చేశాను.

పుస్తకం మీద నమ్మకం చాలక గుంటూరులో తుపాకులు బాగుచేసే గౌస్ బాషాను వెతుక్కుంటూ వెళ్ళాను. కథంతా చెప్పకుండా గొట్టం సంగతి మాత్రం అడిగాను.

"లావు గొట్టం చెడ్డదేం కాదు బాబూ," అన్నాడాయన, తుపాకి గొళ్ళేనికి నూనె రాస్తూ. "గట్టిది. లోపల మరలు పైకీ కిందికీ తిప్పుకోడానికి జాగా ఎక్కువ ఉంటుంది. దూరం గురి పెట్టేవాళ్ళకి అది కావాలి. వెలుతురుకి దాంతో ఏం పని? వెలుతురంటే ముందు అద్దం. మీ మిరపచేలో లావు గొట్టం పెట్టుకుని ఏం చేస్తారు, రోలు లేని రోకలి!"

మా ఊరివాళ్ళకు ఈ సంగతి తెలియదా? తెలుసు. బోరులో ఊట మూడంగుళాలే ఉంటే పైన నాలుగంగుళాల పైపు వేసి లాభం లేదని మా ఊళ్ళో చదువురానివాడికీ తెలుసు. పైపుల షాపువాడికి ఇంకా బాగా తెలుసు. ఆ రోజు అరుగు ముందు ఎవరికీ అది గుర్తు రాలేదు. పైపు చూసి పైపు గురించే ఆలోచించారు. ఊట ఎక్కడుందని ఎవడూ అడగలేదు. ఆ తప్పులో నేనూ ఉన్నాను, తల ఊపినవాళ్ళలో. కానీ తల ఊపిన మా ఎవరి పేరూ ఎక్కడా కొట్టేయలేదు. జక్రయ్య పేరే కొట్టేశారు.

1989 ఏప్రిల్లో నరసరావుపేట వెళ్ళి గురునాథం షాపులో అడుగుపెట్టాను. వెళ్ళేటప్పుడు దారంతా ఏమనాలో కూడబలుక్కున్నాను. అతను లావెక్కాడు, గుర్తుపట్టి కుర్చీ చూపించాడు. పల్లెవాడికి కుర్చీ చూపించడం కొత్త. కాలం మారింది కాబోలు.

"ఆ దుర్బిణీ ఉందా అండి, లావు గొట్టందీ?" అన్నాను.

"ఏదీ... ఓ, అదా! అది ఎప్పుడో ఇచ్చేశానయ్యా. వట్టి దండగ సరుకు. ఒక సాయంత్రం సరదాకి నేనే చూశాను, ఏం కనపడి చావలేదు. మబ్బు మబ్బుగా ఉంది. మర్నాడే మద్రాసు పంపించి పాతలాంటిదే తెప్పించాను."

"ఎప్పుడండీ అది?"

"ఆ గేదె గొడవ అయింది చూడు, దాని తర్వాత నెలకో ఎప్పుడో."

కుర్చీలో ముందుకు జరిగాను. "మరి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదేం?" అన్నాను.

అతను నిజంగానే అర్థంకానట్టు చూశాడు. "ఏం చెప్పాలి?" అన్నాడు.

అందులో కపటం లేదు. అదే నన్ను కాల్చింది. తెలిసి దాచినవాడైతే కనీసం దాచుకోవడానికి ఒక భయమన్నా ఉండేది. ఇతనికి గొట్టం మబ్బుగా ఉండటానికీ, జక్రయ్య తొడిమలు తీయడానికీ మధ్య ఏ సంబంధమూ కనపడలేదు. నేను కూడబలుక్కున్న మాటలు ఈ మనిషికి పనికిరావు. లేచి వచ్చేశాను.

నేరుగా రావిమడుగు బస్సెక్కాను. జక్రయ్యను బతికుండగా చూడటం అదే ఆఖరిసారి. ఆ వర్షాకాలంలో జ్వరం వచ్చి పోయాడు. నాకు కబురు అందేసరికి మట్టి కూడా వేసేశారు.

కోటేశ్వరమ్మ కల్లంలో తాటాకు పందిరి కింద కూర్చుని ఉన్నాడు. భోజనాల వేళ, ఆడవాళ్ళు ఇళ్ళకు వెళ్ళారు. అతనొక్కడే కాయలు ముందు పోసుకుని తొడిమలు తీస్తున్నాడు. కర్ర పక్కన ఉంది. చుట్టూ ఎర్రగా ఎండ.

"పెదనాన్నా," అన్నాను.

"జయరావా? ఎప్పుడొచ్చావురా? మిల్లు తీశారా?"

పక్కనే కూర్చుని, ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాను. ముందు గాజు సంగతి, గొట్టం సంగతి, గౌస్ బాషా మాట, గురునాథం మాట. మసక నీ కళ్ళల్లో లేదు పెదనాన్నా, ఆ గొట్టంలోనే ఉంది, ఊళ్ళో పంచాయితీ పెట్టిద్దాం, ఆ అరుగు మీదే చెప్పిద్దాం అన్నాను. నేను ఏమి ఆశించానో ఇప్పుడు చెప్పలేను. ఏడుస్తాడనుకున్నానేమో. నవ్వుతాడనుకున్నానేమో.

అతను వింటూనే తొడిమలు తీస్తున్నాడు. అప్పుడు నేను అతని చేతుల వైపు చూశాను. అతని ముందు రెండు కుప్పలున్నాయి. ఒకటి పెద్దది, నిగనిగలాడే ఎర్రకాయ. ఇంకొకటి చిన్నది, తెల్లమచ్చ పడ్డ తాలుకాయ. తాలుకాయ తడిమితే తెలియదు. రంగును చూసి ఏరాల్సిందే. అతని చెయ్యి ఒక కాయను తీసింది, ఆగింది, చిన్న కుప్పలోకి విసిరింది. దాని మీద గోరంత తెల్లమచ్చ ఉంది.

"పెదనాన్నా, నీకు కనపడుతోంది," అన్నాను.

అతను చుట్టూ చూశాడు. మామూలుగా, కళ్ళున్న మనిషి చూసినట్టే చూశాడు. ఎవరూ లేరు.

"మెల్లిగా," అన్నాడు. "పోయినేడు మిషనాసుపత్రోళ్ళు వచ్చి కళ్ళ శిబిరం పెట్టారు. మీ పెద్దమ్మ ఈడ్చుకెళ్ళింది. లోపలికి నేనొక్కణ్ణే పోయా. గోడకి అక్షరాల అట్ట పెట్టారు. పైనించి కిందదాకా చదివేశానురా, ఆఖరి వరసతో సహా. ఆ డాక్టరమ్మ నవ్వి, 'నువ్వెందుకొచ్చావు పెద్దాయనా, పక్కకి జరుగు, నిజంగా కనపడనోళ్ళున్నారు' అన్నది."

"మరి పెద్దమ్మకి?"

"లాభం లేదన్నారని చెప్పా."

"ఎందుకు పెదనాన్నా? ఇన్నాళ్ళు... ఎందుకు?"

చేతిలో కాయను అటూ ఇటూ తిప్పాడు. తొడిమ తీయలేదు.

"ఆ పొద్దు గట్టు మీద కూర్చున్నాను చూడు. గొట్టంలో నల్లగా, గుట్టలాగా ఉంది. పందే అనిపించింది. అయినా ఎందుకో మనసొప్పక, తల పక్కకి తీసి ఉత్తకళ్ళతో చూశా. తోక కనపడ్డదిరా. ఇంత పొడుగు తోక, ఈగల్ని తోలుకుంటా ఊగింది. పందికి అంత తోక ఎక్కడుంటది?" ఆగాడు. "మళ్ళీ గొట్టంలో చూశా. తోక లేదు. మసక. అప్పుడనుకున్నా, చినబాబు తెచ్చింది అంత లావు గొట్టం, దాంట్లో లేని తోక నా పాడు కళ్ళకెట్టా కనపడ్డది, ఇది కళ్ళ మాయ అని. పేల్చేశా."

ఎండలో కాయలు చిటపటమంటున్నాయి. 

"నా కళ్ళు చూసినయ్యిరా. నేనే వాటి మాట వినలా. ఆ అరుగు కాడ కళ్ళు పోయినయ్యంటే అవునన్నా. అట్టనుకుంటే కాస్త ఊపిరాడింది."

"తప్పు నీది కాదు. ఆ గొట్టం..."

"గొట్టం అబద్ధం చెప్పింది, సరే. నిజం కూడా కనపడ్డదిగా నాకు."

బాటలో గాజుల చప్పుడు వినపడింది. కోటేశ్వరమ్మ చెంబు పట్టుకుని కల్లం వైపు వస్తోంది. దూరంనుంచే కేకేసింది. "ఎవర్రా అది, జయరావా? ఆ గుడ్డోడి బుర్ర తినమాక, పని చేసుకోనీ!"

జక్రయ్య చప్పున చిన్న కుప్పను కాలితో పెద్ద కుప్పలోకి కలిపేశాడు. కర్ర దగ్గరికి లాక్కున్నాడు. చూపు ఎక్కడో గాలిలో నిలబెట్టాడు. ఆ మొహం అయిదేళ్ళుగా ఊరికొచ్చినప్పుడల్లా నేను చూస్తున్న మొహమే. అది నటన అని ఇప్పుడు తెలిసినా నాకు తేడా తెలియలేదు.

"నేను చెప్తాను ఆమెకి," అన్నాను పళ్ళ బిగువున. "ఇప్పుడే చెప్తాను."

నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. కారం అంటిన వేళ్ళు. గొంతు తగ్గించి అన్నాడు:

"చెప్పమాక. రోజూ ఆమె మజ్జిగ పోసేది గుడ్డోడికిరా. కళ్ళున్నోడికి పొయ్యమని నేనెట్టా అడిగేది?"